పాత పిడికెడు

మా పక్క ఫ్లాట్ ఆవిడ చాలా మంచిది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు గారి భార్య. మా ఇంట్లో కరివేపాకు అయిపోయిందని పసిగట్టి అడగకుండానే తెచ్చిచ్చే మనిషి. మొన్న సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ తన ఫోన్‌లో ఏదో హోటల్ ప్రకటన చూపించింది. ఈస్టర్ బ్రంచ్ అట. చాక్లెట్ గుడ్లు, గొర్రెపిల్ల మాంసం, ఆ హోటల్ పబ్బులో పాటల బృందం కూడా ఉంటుందట. అదంతా చూపించి, "మీ వాళ్ళకి క్రిస్మస్‌కైతే ఏవో పిండివంటలుంటాయి గానీ, ఈస్టర్‌కి మనవైపు వంటంటూ ఏం ఉండదు కదండీ, అంతా తెల్లవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే కదా" అంది.

ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు, నాకు తెలుసు. అయినా అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు ఉండదు అని మొదలుపెట్టాను. సగం చెప్పేసరికి కింద వాళ్ళ పిల్లవాడి స్కూలు బస్సు వచ్చింది, ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మిగతా సగం నా గొంతులో ఉండిపోయింది. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు. కాబట్టి రాస్తున్నాను. మాకూ ఒక ఈస్టర్ వంట ఉంది. అది ఈ ఖతర్‌లోనే, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టీకొట్టు వెనకాల, పరోటాలు కాల్చే పెనం మీద బతికి బట్టకట్టింది. ఈ ఏడు కూడా వండబోతున్నాం. ఎవరికైనా నమ్మకం లేకపోతే ఆ ఆదివారం తెల్లవారుజామున రావచ్చు.

ముందు ఆ వంట సంగతి చెప్పాలి. మా అమ్మ పుట్టింది గుంటూరు వైపు. ఊరికి ఎడంగా పేట, పేట చివర ఏసయ్య గుడి, గుడి వెనకాల సమాధుల తోట. ఈస్టర్‌కి ముందు ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు పేటలో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక ముంత వెలిసేది. ఆ రోజు నుంచి నలభై రోజుల పాటు, అన్నానికి బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వెయ్యాలి. సన్నబియ్యం తినేవాళ్ళు సన్నబియ్యం వేస్తారు, రేషన్ బియ్యం తినేవాళ్ళు రేషన్ బియ్యం వేస్తారు, నూకలు తప్ప గతిలేనివాళ్ళు నూకలే వేస్తారు. ఈస్టర్ నాడు తెల్లారకముందే సమాధుల తోటలో ఆరాధన. అది కాగానే తోట గుమ్మం దగ్గర దుప్పటి పరిచి, ఎవరి ముంత వాళ్ళు తెచ్చి దానిమీద బోర్లిస్తారు. ఆ బియ్యమంతా కలిపి ఒకే గుండిగలో వండి, కోడి పులుసుతో అక్కడే కూర్చుని తిని ఇళ్ళకి వెళతారు. నలభై రోజులు నీచు ముట్టని నాలుకకి ఆ పులుసు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మా అమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా ఒకసారి గుటక వేసేది.

దీనికి రెండు కట్టుబాట్లు. మొదటిది, ఎవరింటి నుంచి ఏం వచ్చిందో ఎవరూ చూడకూడదు, అడగకూడదు. రెండోది, గుండిగలో పొయ్యబోయే ముందు ఆ కలిపిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, గుడ్డలో మూటకట్టి, పురుగు పట్టకుండా రెండు ఎండుమిరపకాయలు వేసి దాచాలి. మళ్ళీ ఏడు దుప్పటి మీద మొదట పడేది ఆ మూటలోని బియ్యమే. దాన్ని పాత పిడికెడు అనేవాళ్ళు. పోయినేటి బియ్యంలో అంతకు ముందేటి బియ్యం, దాంట్లో దాని ముందేటిది. అలా చూస్తే మా ముత్తవ్వ వేసిన గింజ కూడా ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందని పేటలో అందరి నమ్మకం. లెక్క వేస్తే ఉండదని నాకూ తెలుసు. అయితే ఏంటి? ఒక్క ఏడు వండటం తప్పితే మాత్రం ఆ పిడికెడు చచ్చినట్టే. ఆ పొద్దున వండని బియ్యంలోంచి పిడికెడు తీస్తే అది చెల్లదు.

ఆ పాత పిడికెడులో సగం ఖతర్‌కి తెచ్చింది మా పెద్దమ్మ. అమ్మకి పెదనాన్న కూతురు. మొగుడు పోయాక, పిల్లలు లేక, మదీనత్ ఖలీఫా అనే కాలనీలో ఒక పెద్ద ఇంట్లో పనికి వచ్చింది. మేము కూడా అదే మదీనత్ ఖలీఫాలో ఒక పాత విల్లాలో ఉండేవాళ్ళం. ఉండేవాళ్ళం అంటే విల్లా మాది కాదు. చెక్క అడ్డాలు పెట్టి అయిదు కుటుంబాలకి పంచిన విల్లాలో మాది ఒక గది, వంటిల్లు అందరిదీ. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీకి ఫోర్‌మన్. పెద్దమ్మ శుక్రవారం శుక్రవారం మధ్యాహ్నం దాకా మా ఇంటికి వచ్చేది. ఆమె కొంగులో ఒకేసారి రెండు వాసనలుండేవి. ఒకటి ఆ ఇంట్లో వేసే ఊదు పొగ, రెండోది స్నానాల గదులు కడిగే క్లోరాక్స్. ఇప్పటికీ ఏ మాల్‌లోనైనా ఊదు వాసన తగిలితే నేను ఆగి, రెండో వాసన కోసం వెతుక్కుంటాను.

పెద్దమ్మ పోగుచేసిన బియ్యం మా గదిలో పాలపొడి డబ్బాల్లో ఉండేది. తన ముంతతో పాటు లేబర్ క్యాంపుల్లో ఉన్న మావాళ్ళ ముంతలన్నీ ఆమే పోగుచేసేది. క్యాంపుల నుంచి తెచ్చిపెట్టే పని ఆమె పనిచేసే ఇంటి డ్రైవరన్నది. అతను కరీంనగర్ వైపు మనిషి, ప్రతి మంగళవారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దుండేవాడు. మొదటి ఏడు మోసీ మోసీ, రెండో ఏడు నుంచి తన పిడికెడు కూడా వెయ్యడం మొదలుపెట్టాడు. ఎందుకురా అబ్బాయీ అని పెద్దమ్మ అడిగితే, "ఊకె మోస్తే కూలోణ్ణయిత పెద్దమ్మా, ఏస్తే ఇంటోణ్ణయిత" అన్నాడట.

నాకు పచ్చి బియ్యం తినే పాడలవాటు ఉండేది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేటప్పుడు ఆ డబ్బాలు తెరిచి బుక్కేదాన్ని. బియ్యం తగ్గిందని అమ్మ అంటే, ఎలుక అని నాన్న నన్ను చూస్తూ చెప్పేవాడు. ఎలుకకి జడలుంటే పట్టుకోవడం సులువు అనేవాడు కూడా.

ఇక పండగ సంగతి. ఈ దేశంలో శుక్రవారం సెలవు. కాబట్టి గుడ్ ఫ్రైడే నాడు మావాళ్ళందరికీ దర్జాగా సెలవు దొరికేది. ఈస్టర్ ఆదివారం, ఆ రోజు మాత్రం అందరికీ డ్యూటీ. పెద్దమ్మ దీని మీద ఏటా ఒకే మాట అనేది, మేం ఏటా నవ్వేవాళ్ళం. "చావుకి సెలవిచ్చి లేచినదానికి డ్యూటీ వేశారు. లేచినాయన మాత్రం ఆ పూట సెలవడిగి లేచాడంటా?"

అందుకే ఆమె పట్టు ఆదివారం పొద్దునే వండాలని. క్యాంపుల బస్సులు కదలకముందే, తను పనిచేసే ఇంట్లో పిల్లలు స్కూలుకి లేవకముందే. మొదటి ఏడు విల్లా వంటింట్లో వండితే పొగకి మిగతా నాలుగు కుటుంబాలూ లేచి నాలుగు రకాలుగా తిట్టాయి. మరుసటి ఏడు నాన్న తన గ్యారేజీ పక్కనున్న కెఫెటేరియా ఆయన్ని అడిగాడు. కెఫెటేరియా అంటే పేరు పెద్దది గానీ, అది టీకొట్టే. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళే బస్సుల కోసం నిలబడేవాళ్ళకి చిక్కటి కరక్ చాయ్, పరోటా, గుడ్డు. దాన్ని నడిపే ఆయన కడప నుంచి వచ్చిన సాయిబు. మేమందరం చాయ్ మామ అనేవాళ్ళం. తెల్లవాళ్ళ ఊళ్ళో మగవాళ్ళకి పబ్బు ఎలాగో, ఇండస్ట్రియల్ ఏరియాలో మావాళ్ళకి ఆ కొట్టు అలాగ. జీతం రాలేదన్నా, కూతురు పుట్టిందన్నా, ఊళ్ళో ఎవరో పోయారన్నా, మాట్లాడుకునేది అక్కడే. నాన్న అడిగేసరికి మామ రెండో ఆలోచన చెయ్యలేదట. "నా పొయ్యి ఎట్లా నాలుగ్గంటలకే ముట్టిస్తాండా. ఎనకాల ఇంకోటి ఖాళీగా ఉండాది. వచ్చి వండుకోండి" అన్నాడట. అలా మూడేళ్ళు గడిచాయి.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు ఆ పిడికెడుకి గండం వచ్చింది.

భస్మ బుధవారం అయిన వారానికి పేటలో ఉన్న మామయ్య దగ్గర్నుంచి ఉత్తరం. ఊళ్ళో పోయిన ఏడే ముంతలు మానేశారని, కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు షామియానా వేయించి కేటరింగ్ వాళ్ళతో టిఫిన్లు పెట్టించారని, అందరూ బాగుందన్నారని రాశాడు. చివర్లో, మీ దగ్గర పాత పిడికెడు ఉందా, ఇక్కడిది పారబోశారు అని ఒక వాక్యం. అమ్మ ఉత్తరం చదువుతూ ఏడ్చింది. పెద్దమ్మ ఏడవలేదు. డబ్బాలోని మూట తీసి విప్పి చూసి, మళ్ళీ కట్టి, ఇదివరకు ఒక ముడి వేసేది ఈసారి రెండు వేసింది. ఇక ఈ భూమ్మీద మిగిలింది ఆ మూట ఒక్కటే.

అదే నెలలో ఇక్కడా అదే మాట వచ్చింది. ఇప్పుడు చర్చిలన్నీ ఉన్న అబూ హమూర్‌లో అప్పటికి ఒక్కటీ లేదు. ఒక విల్లా హాల్లో శుక్రవారం ఆరాధన. కిటికీలు మూసి, చిన్నగొంతుతో పాడుకునేవాళ్ళం. మా సంఘపెద్ద ఒక ఆఫీసులో మంచి ఉద్యోగం చేసేవాడు, ఎవరికి కష్టం వచ్చినా ముందుండేవాడు. ఆయన ఒక శుక్రవారం లేచి, ఈ ఏడు ఈస్టర్ ప్రేమవిందు ఆదివారం కాకుండా ఆ తర్వాతి శుక్రవారం పెడుతున్నామనీ, అందరికీ బిర్యానీ పొట్లాలు తెప్పిస్తున్నామనీ చెప్పాడు. మగవాళ్ళ వైపు నుంచి ఆమేన్ అని గట్టిగానే వినిపించింది. బిర్యానీకి ఆమేన్ అననిది ఎవరు? అంతటితో ఆగితే బాగుండేది. పిడికెడు బియ్యం అలవాటు ఇక చాలించాలన్నాడు. పది రకాల బియ్యం కలిపి వండితే సగం పచ్చి, సగం ముద్ద, చూసినవాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు. దేశం కాని దేశం వచ్చి, పిల్లల్ని ఇంగ్లీషు చదువులు చదివిస్తూ, ఇంకా ఈ పేట అలవాట్లు ఎందుకు అన్నాడు.

పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చుని ఉంది. ఎప్పుడూ ఆ హాల్లో నోరు విప్పని మనిషి. లేచి నిలబడింది.

"పేట నుంచి వచ్చాం గనకే పేట అన్నం తింటాం అయ్యా. ఇంకోళ్ళ ఊరినుంచి వచ్చుంటే వాళ్ళ అన్నం తిందుం" అంది.

ఆయన నవ్వి, ఎవరూ వద్దనడం లేదమ్మా, ఆదివారం ఎవరొస్తారు చెప్పు, అందరికీ డ్యూటీలు కదా అన్నాడు. పెద్దమ్మ కూర్చుని కొంగు సర్దుకుంది. ఆరోజు మధ్యాహ్నం మా గదిలో అన్నం కలుపుతూ, ఎవరొచ్చినా రాకపోయినా వండుతానంది. అమ్మ భయపడింది. నలుగురితో గొడవ పెట్టుకుని ఈ ఊళ్ళో బతకలేం అక్కా అంది. నాన్న మాత్రం మొండివాడు రాజుకన్నా బలవంతుడు, మొండిది ఇంకా ఎక్కువ అన్నాడు.

నాకు వాళ్ళ మాటల్లో ఒకటే పట్టుకుంది. సగం పచ్చి, సగం ముద్ద. పెద్దమ్మకి జరిగిన అవమానం అంతా ఆ మాటలో ఉందనిపించింది. బియ్యం కలవడం వల్ల కదా అలా అవుతోంది, విడదీస్తే సరి అనుకున్నాను. రోజూ స్కూలు నుంచి రాగానే, అమ్మ పడుకోగానే, డబ్బాలు దించి పేపరు మీద పోసి ఏరడం మొదలుపెట్టాను. పొడుగ్గా ఉన్నవి బాస్మతి. పొట్టిగా, ఎర్ర చారలతో ఉన్నవి క్యాంపు బియ్యం. గుండ్రంగా ముత్యాల్లా ఉన్నవి పెద్దమ్మ ఇంటివాళ్ళు తినే ఈజిప్టు బియ్యం. లావుగా, పసుపుగా ఉన్నవి ఉప్పుడు బియ్యం. నాలుగు గిన్నెలు. కళ్ళు లాగేసేవి, మెడ పట్టేసేది, అయినా ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. నా జన్మలో అంత నిష్ఠగా చేసిన పని ఇంకోటి లేదు. చివరికి ఆ రెండు ముడుల మూట కూడా పళ్ళతో లాగి విప్పాను. అందులోనివి రంగు మారి మసకగా ఉన్నాయి. వాటినీ దేనికది చూసి నాలుగు గిన్నెల్లో వేశాను. ఇప్పుడు వేటికవి వండితే మెతుకు మెతుకూ పువ్వులా వస్తుంది, ఆ పెద్దాయన నోరు మూతపడుతుంది, పెద్దమ్మ నన్ను ఎత్తుకుంటుంది. ఇదీ నా లెక్క.

గుడ్ ఫ్రైడే నాడు పెద్దమ్మ రాగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాను.

ఆమె చాలాసేపు నాలుగు గిన్నెలూ చూసింది. తర్వాత మూట కోసం డబ్బా అడుగున చెయ్యి పెట్టింది. ఖాళీ గుడ్డ, రెండు మిరపకాయలు వచ్చాయి. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నేల మీద చతికిలబడింది. ఎర్ర చారల బియ్యం ఉన్న గిన్నె దగ్గరకి లాక్కుని, "ఇవి ఎవరివో నీకు తెలుసా?" అంది. క్యాంపు వాళ్ళవి అన్నాను గర్వంగా. ఈ గుండ్రటివి? నీవి. ఈ పొడుగువి? సంఘపెద్ద లాంటి వాళ్ళవి.

"మరి ఇక ఇది విందెలా అవుతుందే? ఎవరిదేదో నీకు తెలిసిపోయింది. నలభై రోజులు అందరం కష్టపడింది తెలియకుండా చెయ్యడానికే" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. పెద్దాయన మాట మీద కోపంతో మొదలుపెట్టి, పెద్దాయన చెయ్యాలనుకున్న పనే నేను చేశాను. ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దమ్మ నన్ను ఓదార్చలేదు. దుప్పటి పరిచి, నాలుగు గిన్నెలూ నాచేతే బోర్లించింది. నా రెండు చేతులూ బియ్యంలో ముంచి, కలుపు అంది. మోచేతుల దాకా పిండి అంటేదాకా కలిపించింది. కలిపాక, పాత పిడికెడు ఎక్కడికీ పోలేదు, దీంట్లోనే ఉంది, కాకపోతే ఇక దాన్ని వేరుగా దాచుకోవడానికి లేదు, ఆదివారం వండి తీరాలి అని నిదానంగా చెప్పింది. వండితే కొత్త పిడికెడు వస్తుంది. వండకపోతే పాతదీ లేదు, కొత్తదీ లేదు. పేటలో అందరూ కలిసి పోగొట్టుకోగా మిగిలింది నేనొక్కదాన్నే పోగొట్టానన్నమాట. ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

శనివారం ఇంకో చిక్కు. పెద్దమ్మ పనిచేసే ఇంట్లో చుట్టాలు దిగారు. ఆదివారం పొద్దున ఇంట్లోంచి కదలడం కుదరదని మొదట చెప్పారట. ఏటా డ్రైవరన్న రొట్టెలకి బేకరీకి వెళుతూ ఆమెను చెప్పాపెట్టకుండా దింపేవాడు. ఈసారి అలా వద్దంది పెద్దమ్మ. దొంగతనంగా తినేది పండగ కాదంది. నేరుగా ఇంటావిడ దగ్గరికెళ్ళి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, మామా, అంటే అమ్మా, రేపు నాకు ఈద్ అని చెప్పిందట. ఆవిడ, ఈద్ అయితే ముందే చెప్పొద్దా, వెళ్ళు, స్కూలు బస్సు వేళకి వచ్చేయి అందట. ఆదివారం పండగకి ఎవరొస్తారులే అన్నది మనవాళ్ళు. పండగంటే ఆ రోజే కదా అని, ఇంకో మాట అడక్కుండా ఒప్పుకున్నది ఆవిడ. ఈ సంగతి నేను ఎక్కడైనా ఎవరితోనైనా చెబుతాను.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే నాన్న పికప్పులో వెళ్ళాం. అమ్మ ముందురోజే వండిన కోడి పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా మూత సందుల్లోంచి ధనియాలు, ఎండుకొబ్బరి వాసన. టీకొట్టు వెనకాల సందులో పాత టైర్ల గుట్ట ఉండేది. సమాధుల తోటకి బదులు మాకు ఆ టైర్లే. మేం ముగ్గురం, పెద్దమ్మ, డ్రైవరన్న, క్యాంపు నుంచి వచ్చిన ఇద్దరు. అంతే. ఏటా పాతికమంది దాకా వచ్చేవాళ్ళు. క్రీస్తు లేచెను అని పెద్దమ్మ అంటే, నిజముగా లేచెను అని మేం ఆరుగురం గట్టిగా అన్నాం. కిటికీలు లేని చోటు కదా, ఎంత గట్టిగానైనా అనొచ్చు.

దుప్పటి పరిచి బియ్యం పోస్తుండగా సందు మొదట్లో ఒక టాక్సీ ఆగింది. సంఘపెద్ద భార్య దిగింది. ఒక్కతే. చేతిలో హార్లిక్స్ సీసా నిండా బియ్యం. అవి బాస్మతి కావు. మా పేటలో తినే లావు బియ్యం, నూకలు కలిసినవి. అన్నేళ్ళుగా ఆవిడ ఎక్కడ సంపాదించి దాచేదో మరి. చూడకూడదని గుర్తొచ్చి నేను తల తిప్పుకున్నాను. ఆవిడ సీసా బోర్లించి, "ఆయన ఇంకా లేవలేదు. నేను లేచాను" అంది. పెద్దమ్మ జరిగి తన పక్కన చోటిచ్చింది.

పెద్దమ్మ పిడికెడు తీసి గుడ్డలో కట్టి, గుండిగ ఎక్కించింది. ఎసరు మరిగింది, బియ్యం పడింది, అసలు గొడవ అప్పుడు మొదలైంది. బాస్మతి పది నిమిషాల్లో విచ్చుకుంది, ఉప్పుడు బియ్యం చెక్కలా కూర్చుంది. ఇక మంట పెడితే మాడుతుంది, తీస్తే పచ్చిది. పేటలో అయితే మూత మీద నిప్పులు పోసి మగ్గనిచ్చేవాళ్ళు. ఇక్కడ ఏటా ఆఖర్లో గుండిగని తెచ్చి పరోటాల పెనం మీద సన్నటి వేడికి పెట్టేవాళ్ళం. పరోటాల రద్దీ మొదలయ్యేలోపు అన్నం మగ్గిపోయేది. ఈసారి మేం ఆలస్యమయ్యాం. ముందువైపు అప్పటికే వరస కట్టారు. నేపాలీలు, బంగ్లావాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళు, అందరికీ పావుగంటలో బస్సు. పెనం నిండా పరోటాలు.

పెద్దమ్మ చాయ్ మామ వైపు చూసింది. అడగలేదు. అడిగే హక్కు లేదని తెలుసు. ఆయన వరసని చూశాడు, గుండిగని చూశాడు. అట్లకాడతో ఉన్న పరోటాలన్నీ ఒక్క గీకు గీకి పక్కన పడేశాడు. పెనం తుడిచి, డ్రైవరన్నా తనూ చెరో చెవి పట్టి గుండిగని దానిమీద కూర్చోబెట్టారు. అప్పుడు మామ బయటికి తల పెట్టి చెప్పాడు.

"పరోటా మాఫీ, లేదు. ఈ పొద్దు అన్నముండాది. తినేటోళ్ళు నిలబడండి, తిననోళ్ళు యల్లా, పోండి."

ఎవరూ కదల్లేదు. గొణిగారు, నవ్వారు, వాచీలు చూసుకున్నారు, నిలబడ్డారు. మూత తీసేసరికి మొదటి బస్సు హారన్ కొడుతోంది. ప్లేట్లు లేవు. చాయ్ కప్పుల్లో అన్నం కుక్కి, పైన పులుసు పోసి ఇచ్చాం. కప్పులు అందించింది నేను, అమ్మ, సంఘపెద్ద భార్య. వేళ్ళు కాలిపోయాయి. బస్సు మెట్ల మీద నిలబడి తిన్నారు, కిటికీల్లోంచి చేతులు చాపి ఇంకొంచెం అన్నారు. ఏం పండగ అని ఒకతను హిందీలో అడిగితే, చచ్చిపోయినాయన లేచిన పండగ అని పెద్దమ్మ తెలుగులోనే చెప్పింది. అతను తలూపి తినేశాడు. సగం పచ్చి, సగం ముద్ద, నిజమే. గింజలు పటపటమంటున్నయి పెద్దమ్మా అని డ్రైవరన్న అంటే, పళ్ళెందుకున్నాయిరా నమలు అంది. నేనూ నమిలాను. రెండు రోజుల ఆకలి మీద తిన్నానేమో, అంత రుచి ఇంతవరకూ మళ్ళీ తగల్లేదు. ఎండ టైర్ల గుట్ట మీదకి వచ్చేసరికి గుండిగ అడుగు కనిపించింది. పెద్దమ్మ స్కూలు బస్సు వేళకి ఇల్లు చేరింది.

తర్వాతి శుక్రవారం బిర్యానీ పొట్లాలూ తిన్నాం. బాగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. సంఘపెద్ద పెద్దమ్మ దగ్గరకొచ్చి, ఏమ్మా, అన్నం ఉడికిందా అని అడిగాడు. సగం ఉడికిందయ్యా, మిగతా సగం వచ్చే ఏడు మీరొస్తారని ఉంచాం అంది. ఆయన ఆ ఏడూ రాలేదు, ఎప్పుడూ రాలేదు. ఆయన భార్య మాత్రం ఏటా టాక్సీలో వచ్చేది.

పెద్దమ్మ మోకాళ్ళు అరిగిపోయి ఊరికి వెళ్ళిపోయేటప్పుడు మూటని రెండు చేసి ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. ఆ టీకొట్టు ఉన్న వీధే ఇప్పుడు లేదు, దానిమీద ఆరు వరసల రోడ్డు పోతోంది. చాయ్ మామ కడపలో పోయాడని విన్నాను. అబూ హమూర్‌లో చర్చిలు లేచాయి, కిటికీలు తీసే పాడుకుంటున్నాం. అమ్మ తర్వాత మూట నాకొచ్చింది. ఏటా ఆ ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ ఇంకో కెఫెటేరియా వెనకాల వండుతాం, అక్కడి కుర్రవాళ్ళు పెనం ఇస్తారు. పక్క ఫ్లాట్ ఆవిడ లాంటివాళ్ళు ఏమనుకున్నా, ఇది ఎవరి దగ్గర్నుంచీ అరువు తెచ్చుకున్నది కాదు. ఇది మాది.

పెద్దమ్మ ఊరికి వెళ్ళిన మొదటి ఈస్టర్ నాడు నేను ఫోన్ చేశాను. పేటలో షామియానా వేశారట, అందరూ టిఫిన్లకి వెళ్ళారట. ఆమె ఒక్కతే ముంత పట్టుకుని సమాధుల తోట గుమ్మం దగ్గరకి వెళ్ళి, మూడు రాళ్ళు పెట్టి, వండిందట. ఎవరొచ్చారు పెద్దమ్మా అంటే, ఎవరూ రాలేదే, ఎండెక్కేదాకా కూర్చుని నేనే తిన్నాను అంది. మరి పిడికెడు తీశావా అన్నాను. తియ్యకుండా ఎలా వండుతానంది. అందరి ముంతలూ కలవాలి కదా, ఒక్కదానివే వండుకుంటే అది చెల్లుతుందా అని అడిగాను. అడగకూడని మాటే, అయినా అడిగాను.

కోప్పడుతుందనుకున్నాను.

"చెల్లదని చెప్పేవాణ్ణి రమ్మను" అంది. "ముందు కూర్చోబెట్టి అన్నం పెడతా. తిన్నాక చెప్పమను."